బాడుగ సంగతి తర్వాత, ముందు బరువు చెప్పండి

సరుకు మోసే చిన్న బండ్లు టాటా ఏస్‌ల అడ్డాకు వెళ్లిన మనిషి మొదట అడిగేది 'ఎంత తీసుకుంటావన్నా?' అనే. సరుకు బరువెంతో తను చెప్పడు, డ్రైవరూ అడగడు. తీరా లోడెక్కించేటప్పుడు గొడవ మొదలవుతుంది. ఈ గొడవల్లో చాలావరకు తప్పు బండివాడిది కాదు, బరువు దాచి బేరం కుదుర్చుకున్న మనదే.

2005లో వచ్చిన ఏస్ మోసేది సుమారు 750 కిలోలు. మోడల్‌ను బట్టి కొంత అటూఇటూ ఉంటుంది, కచ్చితమైన లెక్క ఆర్సీ (బండి రిజిస్ట్రేషన్ పత్రం) చూస్తే తెలుస్తుంది. 50 కిలోల సిమెంటు బస్తాలైతే పదిహేనుతో సరి. ఇసుక దగ్గరే అందరూ మోసపోతారు. ఘనపు మీటరు ఇసుక దాదాపు 1,600 కిలోలు తూగుతుంది, తడిదైతే ఇంకా ఎక్కువ. ఏస్ తొట్టిలో ఆరేడు అంగుళాల మందం పరిస్తే చాలు, హద్దు దాటినట్టే. తొట్టి ఇంకా ఖాళీగానే కనిపిస్తుంది కాబట్టి 'ఇంకో పది తట్టలు వెయ్యి' అంటాం. అక్కడితో వెనక కమాన్లు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) చదునవుతాయి, బ్రేకు వేసినా బండి తొందరగా ఆగదు. బరువంతా వెనక చక్రాల అవతల పడితే ముందు చక్రాలు తేలి స్టీరింగ్ మాట వినదు. అందుకే బరువైనవి క్యాబిన్ గోడకు ఆనించి, అడుగున వేయించాలి.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, దాని మీద అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా. ఎక్కువైన సరుకు దింపేదాకా బండి కదలనివ్వరు, దింపుడు ఖర్చూ మనమే పెట్టుకోవాలి. నడిపినవాడికే కాదు, నడిపించినవాడికీ ఈ సెక్షన్ వర్తిస్తుంది. తొట్టి దాటి సరుకు బయటికి పొడుచుకొచ్చినా 20,000 పడుతుంది. 12 మీటర్ల ఇనుప ఊచల్ని షాపులోనే మడిపించుకుని, చివర్లు తొట్టి లోపలే ఉండేలా వేయించుకోవాలి.

మదనపల్లె మార్కెట్‌కు టమాటా పంపే రైతుకు ఈ లెక్క మరీ ముఖ్యం. 25 కిలోల క్రేట్లు 50 అంటేనే 1,250 కిలోలు, ఖాళీ క్రేట్ల బరువు అదనం. అది ఏస్ పని కాదు, బొలెరో పికప్ మాట్లాడుకోవాలి. బాడుగ కొంచెం ఎక్కువే అయినా రెండు ట్రిప్పుల కంటే నయం.

బరువు తేలాకే బాడుగ. ఖాళీగా తిరిగొచ్చే దూరం లెక్కలో ఉందా, టోల్ ఎవరిది, ఎన్ని గంటలు దాటితే వెయిటింగ్, హమాలీ విడిగానా అన్నవి ముందే తేల్చుకోవాలి. లిఫ్టు లేని మూడో అంతస్తు అయితే ఆ మాట ఫోన్‌లోనే చెప్పేయాలి.

బండికి పసుపు నంబరు ప్లేటు ఉండాలి, విద్యుత్ బండికైతే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. నంబరు కొట్టి ఎం పరివాహన్ యాప్‌లో ఫిట్‌నెస్, బీమా తేదీలు చూసుకోవచ్చు. లైసెన్సు గురించి కంగారు అక్కర్లేదు. సరుకుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోల లోపున్న రవాణా బండిని ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అమ్మకం సరుకు విలువ 50,000 దాటితే మామూలుగా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే జీఎస్టీ పత్రం) కావాలి. ఇంట్లో వాడుకున్న సామాన్లకు అక్కర్లేదు.

బీమా విషయంలో మాత్రం మన జనానికి పెద్ద అపోహ ఉంది. బండి థర్డ్ పార్టీ బీమా మన సరుకుకు పనికిరాదు. ఫ్రిజ్ పగిలినా, బస్తాలు తడిసినా ఆ పాలసీ నుంచి పైసా రాదు. సరుకు ఖరీదైనదైతే దారిలో జరిగే నష్టానికి ట్రాన్సిట్ బీమా విడిగా తీసుకోవాల్సిందే. మనుషుల సంగతి ఇంకా దారుణం. ఇల్లు మారేటప్పుడు పరుపుల మీద పిల్లల్ని, అమ్మమ్మను కూర్చోబెట్టి పంపుతారు. బండి థర్డ్ పార్టీ పాలసీ కిందికి వచ్చేది సరుకు యజమాని లేదా అతని తరఫున వెళ్లే మనిషే. గూడ్స్ బండిలో ఊరికే ఎక్కినవాళ్లకు బీమా కంపెనీ బాధ్యత లేదని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. సామాన్లతో ఒక్కరు క్యాబిన్‌లో వెళ్లండి, మిగతావాళ్లకు ఆటో మాట్లాడండి.