మెట్లెక్కిన గర్వం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ మెట్లెక్కిన గర్వం గారి సముఖానికి, తమరిని అలిపిరి పాదాల మండపం దగ్గర రోజూ చూసే తిరుపతి వాసి ఒకడు నమస్కరించి వ్రాసుకొనే విన్నపం.

తమరి ఘనతను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అలిపిరి నుంచి తిరుమలకు తొమ్మిది కిలోమీటర్ల దారి, 3,550 మెట్లు. గాలిగోపురం చేరేసరికి పిక్కలు పట్టేస్తాయి, మోకాళ్ళ మెట్టు దగ్గర కాళ్ళు మొరాయిస్తాయి. మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ వంగి లేచే తల్లులకు దారి వదులుతూ పైకి చేరినవాడి గుండెలో తమరు కొలువుదీరడం న్యాయమే. అతను కొండ దిగాక కూడా తమరు దిగకపోవడమే ఇప్పుడు వచ్చిన చిక్కు.

ఈమధ్య మన ఊళ్ళో లడఖ్ ప్రయాణాలన్నిటికీ తమరే పెద్దరికం వహిస్తున్నారు. టీ అంగడి దగ్గర నలుగురు చేరి మాట్లాడుకుంటున్నప్పుడు, "అక్కడ గాలి పలచగా ఉంటుందంట, రెండు రోజులు ఊరికే ఉండాలంట" అని ఎవరైనా నసిగితే చాలు, పక్కవాడి నోట తమరు పలుకుతారు: "నెలనెలా కొండకు నడిచి పోయేవాళ్ళం గదన్నా, మనకేమవుతుంది?" అంతటితో చర్చ ముగుస్తుంది. దిగిన మరునాడే ఖర్దుంగ్ లా అనే ఎత్తైన కనుమ, ఆ మరునాడు పాంగాంగ్ సరస్సు అని కార్యక్రమం ఖాయమవుతుంది.

తమరు ఎత్తుల లెక్క ఎప్పుడైనా చూశారా? తిరుమల సముద్ర మట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. మనం చలికోటు వేసుకొని వెళ్ళే హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా మొదలయ్యేదే 2,500 మీటర్ల దగ్గర. లడఖ్‌లో విమానం దిగే లేహ్ పట్టణం ఉన్నది 3,500 మీటర్ల మీద. ఢిల్లీలో విమానం ఎక్కినవాడు గంటన్నర లోపే అక్కడ దిగుతాడు. అలిపిరి మెట్లు పరీక్షించింది కాళ్ళ బలాన్నీ గుండె దమ్మునూ మాత్రమే. పలచని గాలికి ఒళ్ళు ఏమంటుందన్న ప్రశ్న ఆ పరీక్షలో అసలు లేదు.

గాలిలో ఆక్సిజన్ వంతు లేహ్‌లోనూ 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. సముద్ర తీరంలో ఉన్నదానిలో లేహ్‌లో మూడింట రెండు వంతులు, ఖర్దుంగ్ లా మీద దాదాపు సగం మిగులుతుంది. ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గిపోవడంతో ఒళ్ళు ఊపిరి వేగం పెంచుతుంది, అందువల్ల కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది, అది గమనించిన మెదడు ఊపిరికి కళ్ళెం వేస్తుంది. ఆ కళ్ళెం సడలాలంటే మూత్రపిండాలు అదనపు క్షారాన్ని బయటికి పంపాలి, ఆ పనికి వాటికి రోజులు పడుతుంది. మన ఊళ్ళో సిఫారసు ఉత్తరం ఉన్నవాడు వరుస తప్పించుకొని ముందుకు పోగలడేమో గానీ, మూత్రపిండాల దగ్గర బ్రేక్ దర్శనం లేదు. ఉన్నదల్లా అసెటజోలమైడ్ అనే మాత్ర. ఆ పనిని అది కాస్త తొందరపెడుతుంది. దానిని డాక్టరును అడిగి, సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పి, ఎత్తుకు వెళ్ళే ముందురోజు నుంచి వేసుకోవాలి.

బలవంతులకు ఏమీ కాదన్నది తమరి మూల సిద్ధాంతం కాబట్టి సైన్యం సంగతి కూడా విన్నవిస్తాను. 1962 యుద్ధకాలంలో మైదానాల నుంచి ఉన్నపళంగా హిమాలయాలకు చేర్చిన మన జవాన్లు ఈ జబ్బుతో పడిపోయారు. అలా జబ్బుపడిన 1,925 మంది సైనికుల వివరాలను మన సైనిక వైద్యులు 1969లో ప్రచురించారు. వయసులో ఉండి, కసరత్తు చేసి, ఎంపికలో నెగ్గి వచ్చినవారు వాళ్ళు. అందుకే ఈనాటికీ సైన్యంలో 9,000 అడుగులు దాటిన చోటికి వెళ్ళే జవానుకు తొలి మెట్టులో ఆరు రోజులు, 12,000 అడుగులు దాటితే మరో నాలుగు, 15,000 దాటితే ఇంకో నాలుగు రోజులు ఒంటిని అలవాటు చేసే గడువు ఇస్తారు. తుపాకి మోసేవాడికి అన్ని రోజులు కావాలి, తమరిని మోసేవాడికి ఒక్క రాత్రి చాలు!

తమరు చేసే అసలు నష్టం గదిలో జరుగుతుంది. లేహ్‌లో దిగిన రోజు సాయంత్రం, అతిథిగృహంలో మంచం అంచున నలభై ఏళ్ళ మనిషి ఒకడు తలకు తువ్వాలు బిగించి, నుదుటికి బామ్ పట్టించి కూర్చుని ఉంటాడు. బ్యాగు గదిలో పడేసిన వెంటనే బజారంతా తిరిగి, శాంతి స్తూపం మెట్లెక్కి, ఫోటోలు దిగి వచ్చినవాడు. పప్పన్నం కలుపుకొని రెండు ముద్దలకే పళ్ళెం పక్కకు తోస్తాడు. ఏమైందని స్నేహితుడు అడిగితే, తమరు గొంతు సవరించుకొని "గ్యాస్ పట్టిందిలే" అంటారు. గ్యాస్, పైత్యం, వేడి చేయడం, రొట్టెలు పడకపోవడం, చివరికి దిష్టి: ఒక్క తలనొప్పికి మనవాళ్ళు ఇన్ని కారణాలు చెప్పగలిగినప్పుడు ఎత్తు వంతు ఎప్పుడొస్తుంది? కొండ ప్రాంతాల వైద్యులు చెప్పే వరుస దీనికి తలకిందులు. ఎత్తైన చోట ఒంట్లో బాగాలేకపోతే, మరో కారణం రుజువయ్యేదాకా అది ఎత్తు వల్లనేనని అనుకోవాలి. తలనొప్పి, వికారం, నీరసం, కళ్ళు తిరగడం ఉన్నంతవరకు ఒక్క మీటరు కూడా పైకి పోరాదు.

ఆ మనిషి మరునాడు తలనొప్పి దాచుకొని కారెక్కుతాడు, ఎందుకంటే మెట్లెక్కినవాడి పరువు తమరి చేతిలో ఉంది. అక్కడి నుంచి వ్యవహారం చేయి దాటవచ్చు. గచ్చు బండల మధ్య గీత మీద మడమకు బొటనవేలు ఆనించి నడవమంటే తూలిపోవడం, మాట తడబడటం, మతి తప్పడం మెదడులో వాపుకు గుర్తులు. ఊరికే కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, గులాబీ రంగు నురగ పడటం ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనడానికి గుర్తులు. ఇవి కనిపిస్తే ఆక్సిజన్ పెట్టి, తెల్లవారేదాకా ఆగకుండా కిందికి దించాలి. ఇక్కడ భూగోళం కూడా తమరికి సహకరించదు. పాంగాంగ్ దగ్గర పడిపోయినవాడిని మామూలు దారిన లేహ్ ఆసుపత్రికి తేవాలంటే ముందు 5,300 మీటర్లు దాటిన చాంగ్ లా కనుమ ఎక్కించాలి. లేహ్ నుంచి రోడ్డున దిగాలన్నా, మనాలి వైపైనా శ్రీనగర్ వైపైనా 4,000 మీటర్లు దాటిన కనుమలే అడ్డం.

తమరి పరివారం గురించి ఒక మాట. పచారీ అంగడిలో కట్టించుకొని ముక్కు దగ్గర పెట్టుకొనే కర్పూరం, ముక్కులోని చల్లదనాన్ని పసిగట్టే నాడులను తట్టి గాలి బాగా ఆడుతున్నట్టు భ్రమ కలిగిస్తుందే తప్ప రక్తంలో ఆక్సిజన్ పెంచదు. పిల్లలు పొరపాటున మింగితే ఫిట్స్ రావచ్చు. అరచేతిలో పట్టే ఆక్సిజన్ డబ్బా కొద్ది నిమిషాల ముచ్చట. ఖర్దుంగ్ లా మీది బోర్డు కూడా తమరి చుట్టమే అనుకుంటాను, 17,582 అడుగుల కనుమ మీద ఏళ్ళ తరబడి 18,380 అని రాసుకొని నిలబడింది.

ఇక మనవి. మా వీధివారి ప్రయాణం చీటీలో కొన్ని మార్పులు చేశాను. విమానంలో వెళితే లేహ్‌లో మొదటి 48 గంటలు గదికే పరిమితం. స్తూపం, బజారు, మద్యం సీసా ఏవీ లేవు. మూడో రోజు ఖర్దుంగ్ లా మీద ఫోటోకు దిగి, లేహ్ కంటే తక్కువ ఎత్తున ఉన్న నుబ్రా లోయలో నిద్ర. పాంగాంగ్ చివరికి, అదీ అందరి తలలూ తేలికగా ఉంటేనే. సెలవు దొరికితే శ్రీనగర్, కార్గిల్ మీదుగా రోడ్డు దారి ఇంకా మేలు, ఒళ్ళు మెల్లగా అలవాటు పడుతుంది. ఒకరికి ఒకరు జత కట్టి, పొద్దునా రాత్రీ తలనొప్పి ఉందా అని అడగాలి, "గ్యాస్" అన్న జవాబు చెల్లదు. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పలకదు కనుక ఇద్దరైనా పోస్ట్‌పెయిడ్ తీసుకోవాలి.

చీటీని వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నలుగురు బొటనవేలు చూపారు, ముగ్గురు తమరి జవాబు కోసం చూస్తున్నారు. రేణిగుంట నుంచి ఢిల్లీకి టికెట్ ధర రోజుకొక తీరుగా ఉంది, కాబట్టి దయచేసి ఈ శుక్రవారంలోగా తెలియజేయగలరు.

ఇట్లు,
తమరి విధేయుడు,
అలిపిరి దారి పక్కవాడు