ముప్పై దాటాక నర్సింగ్ వద్దంటున్న మెసేజ్‌కి నా జవాబు

పోయిన వారం రాత్రి పదకొండింటికి మా పిన్ని కూతురు ఒక వాట్సాప్ మెసేజ్ పంపింది. కింద "అక్కా, ఇది నిజమేనా?" అని ఒక్క లైను. ఆమెకు 33 ఏళ్లు. బీకాం చదివి, ఎనిమిదేళ్లు కాల్ సెంటర్‌లో చేసింది. ఆ ఉద్యోగం పోయాక ఈ ఏడాది జీఎన్ఎంలో (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా) చేరాలనుకుంటోంది. ఆ మెసేజ్ చదివాక నిద్ర పట్టలేదట.

మెసేజ్‌లో ఉన్నది క్లుప్తంగా ఇదీ. డిగ్రీ చదివి, ఇంకో ఉద్యోగం చేసి, ముప్పై దాటాక నర్సింగ్‌లోకి రాకండి. ఆ వయసులో సీటివ్వరు, ఇచ్చినా సర్కారు ఉద్యోగం రాదు. చదివిన డిగ్రీ బూడిదలో పోసిన పన్నీరే. నర్సంటే డాక్టర్ చెప్పింది చేయడమే. ప్రైవేటులో జీతం ఉండదు. అంతగా కావాలంటే ఆరు నెలల కోర్సు చేసి జర్మనీ వెళ్లిపోండి.

ఇదే మెసేజ్ నాకు ఇంకో మూడు గ్రూపుల్లో కూడా వచ్చింది. నేనూ బీకామే. ఒక రైస్ మిల్లులో నాలుగేళ్లు లెక్కలు రాసి, 27వ ఏట జీఎన్ఎంలో చేరాను. వార్డులో పన్నెండేళ్లు నిండాయి. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతున్నాను.

"ముప్పై దాటితే సీటివ్వరు." ఇది అబద్ధం. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లో కనీస వయసు 17, గరిష్ఠ వయసు 35. అంటే గోడ ముప్పై దగ్గర లేదు, ముప్పై అయిదు దగ్గర ఉంది. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. దానికి ఇంటర్‌లో బైపీసీ ఉండాలి, సైన్స్ సబ్జెక్టుల్లో 45 శాతం రావాలి. జీఎన్ఎం మూడేళ్లు, అందులోనే ఆరు నెలల ఇంటర్న్‌షిప్. దానికి ఏ గ్రూపు చదివినా చేరవచ్చు. ఇంటర్‌లో 40 శాతం మార్కులుండాలి, ఇంగ్లిష్ పాసై ఉండాలి. సీఈసీ చదివిన నేను అలాగే చేరాను. ఎంపీసీ చదివి ఇంజినీరింగ్ చేసినవాళ్లకీ దారి ఇదే. తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేస్తే డిగ్రీ నర్సులతో సమానమవుతారు. వయసు ఏ తేదీ నాటికి లెక్కిస్తారన్నది మాత్రం ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. 34 దాటినవాళ్లకు ఒక్క నెల తేడా కూడా పెద్దదే.

"సర్కారు ఉద్యోగం రాదు." ఇందులో సగం నిజం ఉంది, అది దాచను. ఎయిమ్స్ ఆసుపత్రుల కోసం జరిగే నార్సెట్ పరీక్షకు గరిష్ఠ వయసు 30. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్లు సడలింపు. పైగా జీఎన్ఎం వాళ్లకు యాభై పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. మా చెల్లెలికి ఆ తలుపు మూసుకుపోయినట్టే. కానీ సర్కారంటే ఎయిమ్స్ ఒక్కటే కాదు కదా. తెలంగాణలో 2022 డిసెంబర్‌లో వచ్చిన స్టాఫ్ నర్సు నోటిఫికేషన్‌లో వయసు 44 దాకా ఇచ్చారు. 2024లో వచ్చినదానిలో 46 దాకా ఇచ్చారు. ఆ మొదటి నోటిఫికేషన్‌తో ఎంపికైన దాదాపు ఏడు వేల మందికి 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు ఇచ్చారు. సర్కారు ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ మీద చేసిన సర్వీసుకు 20 మార్కుల దాకా వెయిటేజీ కూడా ఉంది. కాబట్టి 36 ఏళ్లకు కోర్సు పూర్తిచేసే మనిషి ముందు తెరిచి ఉన్న తలుపులు ఉన్నాయి. ఏది మూసి ఉంది, ఏది తెరిచి ఉంది అన్నది విడివిడిగా చెప్పాలి. అన్నీ మూసేశారని భయపెట్టకూడదు.

ఇక నన్ను ఎక్కువ బాధపెట్టిన మాట, "చదివిన డిగ్రీ వృథా" అన్నది.

నా రెండో ఏడు సర్వీసులో ఒక నైట్ డ్యూటీ. మెడికల్ వార్డులో గుండె బలహీనపడి చేరిన పెద్దాయన ఒకరున్నారు. ఒంట్లోకి ఎంత నీరు వెళ్తోంది, మూత్రంగా ఎంత బయటికి వస్తోంది అని ఇలాంటి పేషెంట్లకు ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్ట్ రాస్తాం. డ్యూటీ అప్పగించేటప్పుడు పగటి సిస్టర్ "అవుట్‌పుట్ బాగుంది సిస్టర్" అన్నారు. చార్ట్ చూశాను. లోపలికి వెళ్లింది 2,300 ఎంఎల్. బయటికి వచ్చింది 1,800. చూడ్డానికి బాగానే ఉంది. కానీ మిల్లులో నాకు పట్టుకున్న అలవాటొకటి ఉంది. కింద వేసిన టోటల్‌ని నమ్మను, పై నుంచి మళ్లీ కూడతాను. మూత్రం గడిలో ఉన్నవి మూడే అంకెలు: 60, 70, 50. కూడితే 180. పగలు డ్యూటీలో ఎవరో హడావుడిలో ఒక సున్నా ఎక్కువ పెట్టేశారు.

వెంటనే మంచం దగ్గరకు వెళ్లాను. మూత్రం చేరే యూరోబ్యాగ్ ట్యూబ్ ఎక్కడా మడత పడలేదు. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కితే పడ్డ గుంట అలాగే ఉండిపోయింది, అంటే ఒంట్లో నీరు నిలిచిపోయింది. ఊపిరి నిమిషానికి 28 సార్లు. మంచం తల వైపు ఎత్తి, డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి ఈ అంకెలే చెప్పాను. ఆయన వచ్చి చూసి సెలైన్ ఆపించి, మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే లాసిక్స్ ఇంజెక్షన్ రాశారు. తెల్లారేలోపు యూరోబ్యాగ్ రెండుసార్లు ఖాళీ చేశాను. పొద్దున పెద్దాయన భార్య నా చెయ్యి పట్టుకుని "రాత్రంతా కూర్చునే నిద్రపోయేవారమ్మా, ఇప్పుడు పడుకున్నారు" అంది.

నా బీకాం ఎక్కడికీ పోలేదు. ఆ రాత్రి నాతోనే ఉంది. 500 ఎంఎల్ సెలైన్ ఎనిమిది గంటల్లో వెళ్లాలి, సెలైన్ గొట్టంలో ఎంఎల్‌కి 20 చుక్కలు పడతాయి, అయితే నిమిషానికి ఎన్ని అని అడిగితే మా బ్యాచ్‌లో చాలామంది పుస్తకం తిప్పేవాళ్లు. నాకు 21 అని వేళ్ల మీదే వచ్చేది. మా చెల్లెలు ఎనిమిదేళ్లు ఫోన్లో తిట్లు తింటూ గొంతు పెంచకుండా మాట్లాడింది. అర్ధరాత్రి క్యాజువాలిటీలో పేషెంట్ కొడుకు అరుస్తూ మీదికొస్తే ఎలా మాట్లాడాలో పద్దెనిమిదేళ్ల పిల్లకు నేర్పడానికి నాకు ఏళ్లు పడుతుంది. ఆమెకు అది ముందే వచ్చు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. మన దగ్గర పాత డిగ్రీకి కోర్సులో ఒక్క నెల కూడా తగ్గించరు. అమెరికాలో ఏదైనా డిగ్రీ ఉన్నవాళ్లకు 12 నుంచి 18 నెలల్లో పూర్తయ్యే యాక్సెలరేటెడ్ బీఎస్ఎన్ (అక్కడి నర్సింగ్ డిగ్రీ) కోర్సులున్నాయి. బ్రిటన్‌లో డిగ్రీ ఉన్నవాళ్లకు రెండేళ్ల నర్సింగ్ పీజీ ఉంది. భర్తతో హెచ్4 వీసా మీద అమెరికా వెళ్లిన తెలుగు అమ్మాయిలకు అక్కడ చదువుకునే వీలుంది. అలా ఇంజినీరింగ్ పక్కన పెట్టి నర్సింగ్ చదివి, అక్కడి నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాసినవాళ్లు ఉన్నారు. "ఏడాదిలో నర్సు అయిపోవచ్చు" అని మన ఊళ్లలో తిరిగే మాట అక్కడి నుంచే మొదలై ఉంటుందని నా అనుమానం. అది అక్కడి సంగతి. ఇక్కడ ఇంటర్ పాసైన పిల్లల పక్కన కూర్చుని మూడేళ్లూ చదవాల్సిందే, ప్రొసీజర్ బుక్ రాయాల్సిందే. డిగ్రీ ఉన్నవాళ్లకు మన దేశంలోనూ అలాంటి కోర్సు రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

"నర్సంటే డాక్టర్ చెప్పింది చేయడమే." పైన చెప్పిన రాత్రే దీనికి జవాబు. డాక్టర్ రౌండ్స్‌కి వచ్చి కాసేపు చూసి వెళ్తారు. మిగతా సమయమంతా ఆ మనిషిని చూసేది మేమే. రాసిన మోతాదు తేడాగా ఉంటే ఇవ్వకుండా ఆగి, ఫోన్ చేసి అడగడం కూడా నర్సు పనే. సరైన పేషెంట్, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి (నోటి ద్వారానా, సూది ద్వారానా), సరైన సమయం అని మొదటి ఏడాదిలోనే నేర్పేది అందుకే.

"ప్రైవేటులో జీతం ఉండదు." మొదటి రెండేళ్లు నా జీతం మిల్లులో వచ్చినదానికంటే తక్కువే. ఇది దాచాల్సిన సంగతి కాదు, కొట్లాడాల్సిన సంగతి. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ లెక్కలు స్పష్టంగా చెప్పింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుకు ఆ రాష్ట్ర సర్కారు నర్సుతో సమానంగా ఇవ్వాలి. 100 దాటితే 10 శాతానికి మించి తగ్గకూడదు. 50 నుంచి 100 పడకలైతే 25 శాతానికి మించి తగ్గకూడదు. ఇంకా చిన్నదైనా కనీసం 20 వేలు. చాలా చోట్ల ఇది కాగితం మీదే ఉండిపోయింది. సర్కారులో అయితే తెలంగాణ స్టాఫ్ నర్సు మూల వేతనం 2020 పీఆర్సీ ప్రకారం 36,750 దగ్గర, ఎయిమ్స్‌లో ఏడో వేతన సంఘం ప్రకారం 44,900 దగ్గర మొదలవుతుంది. కాబట్టి "జీతం ఉండదు" అన్నది తప్పు. "మొదట్లో తక్కువ, ఎక్కడ చేరతావన్నదాన్ని బట్టి చాలా తేడా" అన్నది నిజం.

ఆ మెసేజ్ అసలు కష్టాన్ని ఒక్క ముక్కలో కూడా చెప్పలేదు. మూడేళ్లు జీతం లేకుండా బతకాలి. నేను చేరేనాటికి మా బాబుకు రెండేళ్లు. మా అమ్మ వాడిని తన దగ్గర పెట్టుకోకపోతే నేను మొదటి నెలలోనే తిరిగి వచ్చేసేదాన్ని. నేను చదివిన చోట హాస్టల్ తప్పనిసరి. వాడికి జ్వరమొచ్చిన రాత్రి వార్డెన్‌ని బతిమాలుకున్నా పంపలేదు. అదే రాత్రి నేను పోస్టింగ్‌లో వేరేవాళ్ల పిల్లల నుదుటి మీద తడిగుడ్డ వేస్తున్నాను. ముప్పైల్లో చేరేవాళ్లు ముందు లెక్కేసుకోవాల్సింది ఇవే: ఇంట్లో ఎవరు చూసుకుంటారు, మూడేళ్ల ఖర్చు ఎక్కడిది, హాస్టల్ నిబంధన ఏంటి.

చివరిది, "ఆరు నెలల కోర్సు చేసి జర్మనీ." దీనికి మాత్రం నాకు కోపమే వచ్చింది. ఆరు నెలల కోర్సు చేసినవాళ్లు అసిస్టెంట్లవుతారు, నర్సులు కారు. అసిస్టెంట్ పని చిన్నదని కాదు, వాళ్లు లేకపోతే మా వార్డు నడవదు. కానీ నర్సు అవుతావని చెప్పి డబ్బు కట్టించుకోవడం మోసం. జర్మనీలో నర్సుగా చేరాలంటే ఇక్కడి పూర్తి నర్సింగ్ కోర్సుకు అక్కడ గుర్తింపు తెచ్చుకోవాలి, జర్మన్ భాష మామూలుగా బీ2 స్థాయి దాకా నేర్చుకోవాలి. లేదంటే అక్కడే స్టైపెండ్‌తో మూడేళ్ల ఆస్బిల్డుంగ్ (పని చేస్తూ నేర్చుకునే వృత్తి శిక్షణ) చేయాలి, దానికీ ముందు భాష రావాలి. ఏ దారిలోనూ ఆరు నెలలు లేవు. ఎవరైనా కోర్సు అమ్మడానికి వస్తే ఒక్క ప్రశ్న అడగండి: "ఇది అయ్యాక స్టేట్ నర్సింగ్ కౌన్సిల్‌లో నర్సుగా రిజిస్ట్రేషన్ వస్తుందా?" మాట దాటేస్తే లేచి వచ్చేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎక్కడా వదిలిపెట్టకండి.

ఇదంతా మా చెల్లెలికి రాసి పంపాను. నిన్న ఫోన్ చేసింది. ఇంటర్ మెమో అత్తగారింట్లో బీరువాలో దొరికిందట. స్టడీ సర్టిఫికెట్లు మాత్రం పాత స్కూలుకే వెళ్లి తెచ్చుకోవాలట. శనివారం నాకు వీక్లీ ఆఫ్, ఇద్దరం కలిసి వెళ్తున్నాం.