బావగారూ, భృగు మహర్షీ, చేగోడీల ప్యాకెట్టూ

మా బావగారికి కొండలంటే లెక్కలేదు. కారణం అలిపిరి. మూడున్నర వేల మెట్లూ మోకాళ్ళ పర్వతంతో సహా ఏటా ఎక్కేసి, పైన లడ్డూల క్యూలో మళ్ళీ హుషారుగా నిలబడగల మనిషి. అంచేత మనాలీ హోటలువాడు "భృగు లేక్, ఒక్కరోజు ట్రెక్, గైడుతో సహా" అనగానే ఆయన అడిగింది ఒక్కటే. "మెట్లా? సిమెంటు దారా?"

మెట్లూ లేవు, సిమెంటూ లేదు. తిరుమల వెయ్యి మీటర్ల ఎత్తు కూడా ఉండదు. ఆంధ్రా, తెలంగాణా అంతా గాలించినా 1,700 మీటర్లు దాటిన కొండ దొరకదు. భృగు సరస్సేమో 4,200 మీటర్ల పైన. నడక మొదలుపెట్టే గులాబా దగ్గరే 3,000 దాటేసి ఉంటాం. ఈ అంకెలన్నీ ముందురోజు రాత్రి ఆయన ముందు పెట్టాను.

"మీటర్లదేముందోయ్! ఆ మహర్షి వెళ్ళి స్వామివారి గుండెల మీద తన్నకపోతే లక్ష్మీదేవి అలిగేదా? ఆవిడ అలక్కపోతే స్వామి తిరుమలకొచ్చేవాడా? మనకి లడ్డూ దొరికేదా? భృగువు మనవాడయ్యా" అన్నారు బావగారు. ఇక వాదించేవాడెవడు?

మా అక్క మాత్రం కొండను తక్కువ అంచనా వెయ్యలేదు. కొండ మీద తిండి దొరకదన్న ఒక్క కోణంలోనే అనుకోండి. హోటలు వంటగదిలోకి జొరబడి పులిహోర కలిపింది. బెజవాడలో మెషీను మీద సీలు వేయించి తెచ్చిన చేగోడీల ప్యాకెట్టు, అరకిలోది, బావగారి సంచిలో పెట్టింది. దానికి తోడు మాల్ రోడ్డులో కొన్న ఆక్సిజన్ డబ్బా ఒకటి. కొన్నది బావగారే. "నాక్కాదు, మీకోసం" అన్నారు.

గైడు పాతికేళ్ళు నిండని స్థానిక కుర్రాడు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, నిట్టనిలువు దారిలో ఈల వేసుకుంటూ ఎక్కుతాడు. బయల్దేరే ముందు ఒకటే షరతు చెప్పాడు. మధ్యాహ్నానికి మబ్బు పడుతుంది కాబట్టి, ఒంటిగంట కొట్టేసరికి ఎక్కడున్నా సరే, వెనక్కే. బావగారు నవ్వారు. "ఒంటిగంటకి మనం కిందికొచ్చి భోంచేస్తూ ఉంటాం" అన్నారు.

అడవి దాటి పచ్చికబయలుకు చేరేసరికి ఆ నవ్వు పోయింది. "ఇంకెంత దూరం?" అనడిగారు. "బస్ సర్, ఆధా ఘంటా" అన్నాడు గైడు. గంటన్నర తరవాత వాగు దగ్గర మళ్ళీ అడిగారు. "ఆధా ఘంటా." ఆ కుర్రాడు అబద్ధం ఆడుతున్నాడని నేననను. అతనికి అరగంటే పట్టొచ్చు.

ఆపైన పచ్చిక అయిపోయి రాళ్ళు మొదలయ్యాయి. జూన్ నెలైనా మధ్యమధ్యలో మంచు మేటలు. భృగు మహర్షికి అరికాల్లో కన్నుండేదనీ, కాళ్ళు పడుతున్నట్టు నటిస్తూ విష్ణుమూర్తి దాన్ని చిదిమేశాడనీ చిన్నప్పుడు విన్నాం. అది ఆయన అహంకారమని పెద్దవాళ్ళు చెప్పారు. ఆ రాళ్ళ మీద నడిచి చూస్తే, పాపం, ఎంత పనికొచ్చే కన్నో తెలిసింది.

బావగారు ఓ బండ చూసుకుని కూలబడ్డారు. ఆక్సిజన్ డబ్బా తీసి, ముక్కుకి ఆనించి, కళ్ళు మూసుకుని, ప్రాణాయామం లెక్కన పీల్చారు. కాసేపటికి మొహంలో కళ వచ్చింది. "చూశావా, ఇప్పుడు గాల్లో తేలినట్టుంది" అన్నారు. మా మేనకోడలు డబ్బా అందుకుని అటూ ఇటూ తిప్పి, "నాన్నా, సీలు తియ్యలేదు" అంది.

ఆ అవమానం నుంచి తేరుకోవడానికి ఆయన సంచిని వీపు వెనక పెట్టుకుని, బండకి బలంగా జారగిలబడ్డారు.

ఢాం!

బావగారు గుండె పట్టుకుని, "ఏదో తెగింది" అన్నారు, చాలా ప్రశాంతంగా. అక్క "ఏవండీ!" అని కేకేసింది. గైడు కుర్రాడు జేబుల్లోంచి చేతులు తీశాడు. తీయడం అదే మొదలు. వచ్చి బావగారిని ముందుకి వంచి, సంచి జిప్పు లాగాడు. లోపల చేగోడీల పొడి. అడుగున చిరిగిన కవరు.

ఇది అతనికి రోజూ ఉండే బాగోతమేనట. అంత ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గరున్నదాంట్లో అరవై శాతమే ఉంటుంది. కింద సీలు వేసిన ప్యాకెట్టల్లా పూరీలా పొంగుతుంది. చిప్సు ప్యాకెట్లు పొంగి ఊరుకుంటాయి. మాది కింద బెజవాడలో నింపిన గాలి, దానికి తోడు బావగారి బరువు.

ఒంటిగంటకి పావుగంట ముందు సరస్సు కనిపించింది. సగం మంచు, సగం నీలం. మహర్షి తపశ్శక్తి వల్ల అది ఎన్నడూ పూర్తిగా గడ్డకట్టదని అక్కడివాళ్ళ నమ్మకం. తలస్నానం చేస్తానని బయల్దేరేముందే ప్రకటించిన బావగారు చెప్పులు దూరంగా విడిచి, కుడి పాదం నీళ్ళలో పెట్టారు. తీశారు. "సంప్రోక్షణ చాలు" అన్నారు.

దిగేటప్పుడు ఆయన మోకాళ్ళు మొండికేశాయి. గుర్రమేదైనా దొరుకుతుందా అని గైడుని బతిమాలుతూ పచ్చికబయలు దాకా వచ్చారు. అక్కడ గద్దీ కాపరుల మంద దిగి ఉంది. ఆ మేకలకి కాపరులు రాళ్ళ మీద ఉప్పు చల్లి పెడతారు. ఉప్పంటే వాటికి ప్రాణం. బావగారి వీపంతా చెమట, సంచి నిండా ఉప్పూకారం దట్టించిన పొడి.

ముందు ఒక పోతు వచ్చి సంచి అడుగు నాకింది. బావగారు "ఛీ ఛీ" అన్నారు. వెనకే ఇంకో నాలుగు వచ్చి, చొక్కా అంచు పట్టుకున్నాయి. బావగారు అడుగు వేగం పెంచారు. అవీ పెంచాయి. ఆ తరవాత మాకు కనిపించింది అడవి దారిలో మలుపు తిరుగుతున్న ఎర్ర సంచి ఒక్కటే.

మేం గులాబా చేరేసరికి ఆయన ఎప్పుడో కారెక్కి, అద్దాలన్నీ పైకెత్తుకుని కూర్చున్నారు. నన్ను చూసి అద్దం రెండంగుళాలు దించి, గొంతు తగ్గించి అడిగారు.

"వెనక ఎవరూ రావట్లేదు కదా?"