వందేళ్ళ కిందటి అమెరికా రైతుకు ‘కెమికల్స్’ తెలియవా?

“1910ల నాటి అమెరికా రైతుల రహస్యాలు” అంటూ ఒక ఫార్వర్డ్ ఫ్యామిలీ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఫ్రిజ్ లేకుండా గుడ్లు ఏడాది నిల్వ, సీసాల్లో ఉడకబెట్టిన చిక్కుళ్ళు ఏళ్ళ తరబడి భద్రం, పచ్చిపాలు అమృతం, పశువులకు టీకాల్లేవు, మందుల్లేవు, అంతా ప్రకృతే. ఆ కాలపు అమెరికా వ్యవసాయ శాఖ బులెటిన్లు ఒక్కసారి తిరగేసినా ఈ మాట అనరు.

గుడ్ల సంగతి సగం నిజం. కానీ వాటిని దాచింది వాటర్‌గ్లాస్‌లో, అంటే సోడియం సిలికేట్‌లో. కెమికలే కదా! కాచి చల్లార్చిన నీళ్ళు తొమ్మిది పది వంతులకు అది ఒక వంతు కలిపి, జాడీలో గుడ్లు మునిగేదాకా పోసేవారు. పెంకులోని సన్నటి రంధ్రాలు పూడుకుపోయేవి. అందుకే ఆ గుడ్డును ఉడకబెట్టే ముందు సూదితో చిల్లు పెట్టేవారు, లేకపోతే లోపలి గాలికి దారి లేక పెంకు పగిలేది. పైగా తాజా గుడ్లే కావాలి, కడగకూడదు. ఇప్పుడు అమెరికా సూపర్ మార్కెట్లలో దొరికేవి కడిగిన గుడ్లు, వాటి సహజమైన పైపొర ఎప్పుడో పోయింది. కోడి కడుపులోనే గుడ్డులోకి చేరే సాల్మొనెల్లా అనే జబ్బు క్రిమి సంగతి 1980ల్లో గానీ తేలలేదు. వాటర్‌గ్లాస్ దాన్నేమీ చేయలేదు.

అసలు ప్రాణం మీదికి తెచ్చేది చిక్కుళ్ళ చిట్కా. 1909 నాటి బులెటిన్ ఒకటి సీసాలను వరసగా మూడు రోజులు, రోజుకో గంట ఉడికించమంది. ఫార్వర్డ్‌లో ఉన్నది ఇదే. ఆ తర్వాతి కథ మాత్రం లేదు. పులుపు లేని కూరగాయల్లో బొటులిజం, అంటే ప్రాణాలు తీసే ఆహార విషం, కలిగించే క్రిమి బీజాలు మరిగే నీళ్ళకు చావవు. 1922లో ఎస్టీ, మేయర్ అనే శాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగాల్లో అవి 100 డిగ్రీల వేడికి అయిదున్నర గంటలదాకా తట్టుకున్నాయి. గాలి చొరని సీసాలో అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. చాలాసార్లు వాసనా తేడా ఉండదు, రంగూ మారదు. ఇలాంటి కూరగాయలకు ప్రెషర్ కానర్, అంటే మరిగే నీళ్ళకన్నా ఎక్కువ వేడిలో సీసాలను ఉడికించే ప్రెషర్ పాత్ర, ఒక్కటే క్షేమమని 1917లోనే వ్యవసాయ శాఖ తేల్చింది. అంటే ఫార్వర్డ్ మెచ్చుకుంటున్న పద్ధతిని దాన్ని నేర్పినవాళ్ళే ఎనిమిదేళ్ళలో వదిలేశారు.

పచ్చిపాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మన ఇళ్ళలో కాచకుండా తాగేదెవరు? ఆవుల క్షయ పాల ద్వారా పిల్లలకు సోకి మెడ గ్రంథులు వాచేవి. షికాగో 1908లోనే పాశ్చరైజేషన్ తప్పనిసరి చేసింది. 1917 నుంచి పశువులకు క్షయను పట్టే ట్యూబర్‌క్యులిన్ పరీక్ష చేసి, జబ్బున్నవాటిని కోతకు పంపే కార్యక్రమం దేశమంతా నడిచింది.

“టీకాల్లేవు” అన్నది పచ్చి అబద్ధం. మన రైతులకు బాగా తెలిసిన జబ్బవాపు అనే పశువుల జబ్బుకు అమెరికా ప్రభుత్వం 1897 నుంచే టీకా మందు పంచింది. ఇక “మందుల్లేవు” అన్నదానికి జవాబు ఆర్సెనిక్, అంటే పాషాణం. 1906లో పిడుదుల నిర్మూలన మొదలయ్యాక దక్షిణాది రాష్ట్రాల్లో పశువులను పాషాణం కలిపిన నీటి తొట్లలో, సాధారణంగా రెండు వారాలకోసారి, ముంచి తీసేవారు. ఒక్క ఫ్లోరిడాలోనే అలాంటి తొట్లు మూడు వేలకు పైగా ఉండేవి. వాటిలో చాలా చోట్ల మట్టిలో ఆర్సెనిక్ ఈనాటికీ ఉంది.

కేరట్లను ఇసుకలో పూడ్చి దాచడం మాత్రం నిజమే, చలికాలమంతా బాగుంటాయి. కాకపోతే వాటిని దాచే నేలకింది గది దాదాపు ఫ్రిజ్ అంత చల్లగా ఉండాలి. మే నెలలో రెంటచింతలలో ట్రై చేసేవాళ్ళకు ఆల్ ది బెస్ట్.