ఆఁ?

మా ఇంట్లో వాటర్ ప్యూరిఫైయర్ ఉంది. దాని ఏఎంసీ, అంటే ఏడాదికోసారి రాసుకునే నిర్వహణ ఒప్పందం, గడువు ముగిసింది. నిన్న సాయంత్రం విశాఖలోని ఎన్‌ఏడీ కూడలిలో ఆటో కోసం నిలబడి ఉండగా ఆ సంస్థ నుంచి నాకు ఫోను వచ్చింది. ఉపోద్ఘాతం ఇంతకన్నా అక్కరలేదు. కూడలి గురించి మాత్రం ఒక్క మాట చెప్పుకోవాలి. దగ్గరలోని విశాఖ విమానాశ్రయం నావికాదళం వారి వైమానిక స్థావరమైన ఐఎన్‌ఎస్ డేగాతో కలిసి ఉంది కనుక, ఆ చుట్టుపక్కల ప్రయాణికుల విమానాలతో పాటు సైనిక విమానాల రొద కూడా ఉంటుంది. కింద గాజువాక వైపు వెళ్లే లారీలు, బస్సులు, వాటి హారన్లు సరేసరి. అటువంటి చోట ఫోనులో ఎవరు ఏమి అడిగినా, మనిషి నోటి నుంచి ముందుగా వెలువడేది జవాబు కాదు, "ఆఁ?" అన్న ప్రశ్న.

మాట్లాడినది మనిషి కాదు, యంత్రం. "వార్షిక నిర్వహణ ఒప్పందమును పునరుద్ధరించుటకు మీరు అంగీకరించుచున్నారా?" అని అది అడిగి ఉంటుందని తరువాత వచ్చిన రసీదును బట్టి ఊహిస్తున్నాను. నా చెవిన పడింది చివరి "చున్నారా" ఒక్కటే. "ఆఁ?" అన్నాను.

"ధన్యవాదములు. మీ అంగీకారము నమోదు చేయబడినది" అంది.

తెలుగువాడి "ఆఁ"ను అంగీకారంగా రాసేసుకోవడానికి ఎంత తెగువ కావాలో ఆ యంత్రాన్ని తయారు చేసినవారికి తెలిసినట్టు లేదు. గొంతు దించి పొట్టిగా పలికితే అది "సరే", గొంతు ఎత్తి పలికితే "ఏమన్నారు?", కళ్లు పెద్దవి చేసి సాగదీస్తే "నిజమా!", పెదవి విరుస్తూ పలికితే "చెప్పొచ్చావులే", పిల్లవాడు పిట్టగోడ ఎక్కుతుండగా తల్లి వంటింట్లోంచి పలికితే, వెంటనే దిగమని ఆజ్ఞ. అచ్చు ఒకటే, దాని పక్కన అరసున్నా ఒకటే. అరసున్నను అచ్చాఫీసుల వారు చాలా మాటల నుంచి ఏనాడో తొలగించారు కానీ, నోటి నుంచి తొలగించడం ఎవరి తరమూ కాలేదు. ఈ ఐదింటినీ కాగితం మీద పెడితే తేడా కనబడదు. చెవితో విన్నవాడికే తెలుస్తుంది. యంత్రానికి చెవి లేదు. దానికి ఉన్నది ఒక పట్టిక, ఆ పట్టికలో "ఆఁ"కు ఎదురుగా ఎవరో మహానుభావుడు "అవును" అని రాసి, జీతం తీసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

విమానం ఇంకా పూర్తిగా దాటలేదు. యంత్రం రెండో ప్రశ్న వేసింది. అందులో "మెంబ్రేన్" (ప్యూరిఫైయర్‌లో నీటిని వడగట్టే పొర) అన్న మాట తప్ప మరేమీ వినబడలేదు. "ఆఁ?" అన్నాను, ఈసారి ఇంకొంచెం గట్టిగా. ఆ గట్టిదనానికి ఉత్సాహపడినట్టుంది, "మీ ఆర్డరులో చేర్చబడినది. మరియొకటి చేర్చవలెనా?" అంది. ఇది మాత్రం స్పష్టంగా వినిపించింది. కంగారుగా "ఉఁహుఁ, ఉఁహుఁ" అన్నాను. మాటలు రాని పసివాడు కూడా మూతి తిప్పుకుని "ఉఁహుఁ" అంటే ఇక గోరుముద్ద వద్దన్నట్టేనని ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. యంత్రం మాత్రం "క్షమించండి, మీరు చెప్పినది అర్థము కాలేదు. మరియొకటి చేర్చవలెనా?" అంది. నాకు ఒళ్లు మండి "ఆఁ! ఏమిటి అర్థం కానిది?" అని అరిచాను. ఆటో కోసం నిలబడినవారు నావైపు తిరిగారు. యంత్రానికి నా వాక్యంలో మొదటి అచ్చు అర్థమైంది; చేర్చింది. అంగీకారాన్ని అరక్షణంలో పట్టుకుని, నిరాకరణను ఎంత మొత్తుకున్నా పట్టుకోలేని ఈ చెవుడు ఏ వైద్యుడికీ లొంగేది కాదు; దాని మూలం ఆ సంస్థ అమ్మకాల విభాగంలో ఉంది.

రాత్రి రసీదు చూసి మా ఆవిడ అడగవలసినవన్నీ అడిగాక, నా నిర్దోషిత్వానికి ఆధారాలు వెతుకుతూ కూర్చున్నాను. దొరికాయి. 2013లో డింగెమాన్సే, టొరేరా, ఎన్‌ఫీల్డ్ అనే ముగ్గురు భాషాశాస్త్రజ్ఞులు ఐదు ఖండాలకు చెందిన 10 భాషల సంభాషణలను రికార్డింగులలో పరిశీలించి, మొత్తం 31 భాషలను పోల్చి చూసి, ఎదుటివారి మాట అందనప్పుడు మనుషులు చేసే ఆ చిన్న శబ్దం ఎక్కడైనా ఇంచుమించు ఒకేలా ఉంటుందని తేల్చారు. ఘనా దేశపు సివు భాషలోనూ, లావో భాషలోనూ అది "హాఁ", డచ్చిలో "హె", స్పానిష్‌లో "ఎ". మాట అందలేదని చెప్పడానికి వ్యవధి ఉండదు కనుక, నాలుకకు శ్రమ లేకుండా తటాలున పలకగలిగినదై, ప్రశ్నగా వినబడే శబ్దం ఒకటి కావాలి. ఆ అవసరమే సంబంధం లేని భాషలన్నింటినీ ఒకే వైపు నెట్టిందని వారి వాదన. ఈ పనికి 2015లో వారికి సాహిత్య విభాగంలో ఇగ్ నోబెల్ బహుమతి (ముందు నవ్వించి, ఆపై ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చేది) ఇచ్చారు: ఆ మాట ప్రతి భాషలోనూ ఉన్నట్టు కనుగొన్నందుకూ, ఎందుకు ఉందో పూర్తిగా తేల్చుకోలేకపోయినందుకూ కలిపి. ఒక్క సాయంత్రం ఎన్‌ఏడీ కూడలిలో నిలబడి ఉంటే ఆ రెండో అర్హత వారికి పోయి ఉండేది.

ఇంతకీ నా వాదనకు బలమిచ్చే సంగతి వేరే ఉంది. లావో వారికి ప్రశ్న అయిన "హాఁ" హిందీ వారికి మామూలుగా "అవును". చైనా వారి మాండరిన్‌లో "ఆ" అని గొంతు లేపితే ప్రశ్న, దించితే ఒప్పుకోలు. ఐస్‌లాండ్ వారు ప్రశ్నించేటప్పుడు కూడా "హా" అని గొంతు దించే పలుకుతారట. ఈ సంస్థ అక్కడ శాఖ తెరిస్తే ఇంటింటా మెంబ్రేన్లు గుట్టలు పడతాయి. జపనీయులకు "ఉన్" అంటే అవును, దానినే సాగదీసి మధ్యలో గొంతు వంచితే కాదు. ప్రపంచమంతా స్వరం చూసి బతుకుతుంటే, నా ఫోనుకు మాత్రం పట్టిక దొరికింది.

ఇదంతా చదివి వినిపించాను. మా ఆవిడ ఓపికగా ఊఁ కొట్టి, చివర "చక్కగా 'ఏటీ?' అని ఉంటే సరిపోయేది కదండీ" అంది. శ్రీకాకుళం మొదలు విశాఖ దాకా "ఏమిటి"ని "ఏటి" అనే అంటాం. ఆ మాటను ఏ పట్టికా అంగీకారంగా రాసుకోదు. కానీ బడిలో అది నోట వస్తే మా మాష్టారు చెవి మెలిపెట్టేవారు. ఆ చదువుకు మిగిలిన ఫీజు ఇప్పుడు జీఎస్టీతో సహా చెల్లించాను.

ఈ ఉదయం టెక్నీషియన్ కుర్రాడు మెంబ్రేన్ డబ్బాలు పట్టుకుని వచ్చి, "రెండెందుకు మాష్టారూ, హోటల్ గానీ పెడుతున్నారేటి?" అన్నాడు. జరిగినది చెప్పాను. సానుభూతిగా విని, ఒకటి బిగించి, మిగిలినది వెనక్కి తీసుకునే అధికారం తనకు లేదనీ, అదే నంబరుకు ఫోను చేసి ఆ అమ్మాయితోనే మాట్లాడాలనీ చెప్పాడు. ఆ అమ్మాయి అంటే యంత్రమే. తరువాత రసీదు పుస్తకం తెరిచి ఇంకేదో అడిగాడు. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది, ఒక్క ముక్కా వినబడలేదు. నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ మిక్సీ ఆపి, "ఆయన్ని అడక్కు బాబూ, నన్ను అడుగు" అంది.