గైడ్లకు శిక్షణా? ఎంత మాట!

చదువుల్ని బాగుచేద్దామని బయల్దేరినవాళ్ల వల్ల చదువులకు జరిగిన నష్టం అంతా ఇంతా కాదు. ఇప్పుడు వాళ్ల కన్ను పీహెచ్‌డీ చేసే స్కాలర్లకు దారి చూపే గైడ్ల మీద పడింది. స్కాలర్‌తో ఎలా మాట్లాడాలి, చాప్టర్ ఇస్తే ఎన్నాళ్లలో చదవాలి, చదివాక ఏం చెప్పాలి, ఇవన్నీ ప్రొఫెసర్లకు నేర్పించాలట. హైదరాబాద్‌లో ఈ మాట అనడానికి నోరెలా వచ్చిందో! 1918 నుంచి విశ్వవిద్యాలయం ఉన్న ఊరు ఇది. 1974లో కేంద్ర విశ్వవిద్యాలయం కూడా వచ్చింది. ఇన్ని దశాబ్దాల్లో పట్టాలు ఎప్పుడైనా ఆగాయా? కాన్వొకేషన్ గౌన్లు అద్దెకిచ్చేవాళ్లు ఏనాడైనా దుకాణం కట్టేశారా?

చట్టం కూడా గైడ్ల పక్షానే ఉంది. విశ్వవిద్యాలయాలకు నిబంధనలు రాసే యూజీసీ 2022లో పీహెచ్‌డీ మీద ఇచ్చినవి తీసి చూడండి. ప్రొఫెసర్ గానీ అసోసియేట్ ప్రొఫెసర్ గానీ గైడ్ కావాలంటే పీహెచ్‌డీ ఉండాలి, తోటి నిపుణులు పరిశీలించాకే అచ్చువేసే జర్నళ్లలో కనీసం 5 పేపర్లు ఉండాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి 3 చాలు. ఒకేసారి ప్రొఫెసర్ 8 మందిని, అసోసియేట్ 6 మందిని, అసిస్టెంట్ నలుగురిని తీసుకోవచ్చు. రిటైర్మెంట్‌కి మూడేళ్లలోపు ఉంటే కొత్తవాళ్లను చేర్చుకోకూడదు. అన్నీ లెక్కగా రాశారు. ఇంకొకరు రాసినదాన్ని ఓపిగ్గా చదివే అలవాటు మీకుందా అని మాత్రం ఎక్కడా అడగలేదు. అంత వ్యక్తిగతమైన ప్రశ్న మర్యాద కాదని వదిలేసి ఉంటారు. ప్రమోషన్ లెక్కల్లోనూ అదే మర్యాద. యూజీసీ 2018 నియామక, ప్రమోషన్ నిబంధనల ప్రకారం స్కాలర్ థీసిస్ సబ్మిట్ చేస్తే గైడ్‌కి 5 పాయింట్లు, డిగ్రీ వస్తే 10. ఆ స్కాలర్ నవ్వుతూ బయటికొచ్చాడా, బీపీ మాత్రలతో బయటికొచ్చాడా అన్నదానికి ఫారంలో గడి లేదు.

పోనీ మనవాళ్లు శిక్షణ అంటే పారిపోయే రకమా? కాదే! ఉద్యోగంలో చేరగానే నెల రోజుల ఇండక్షన్, ఆ తర్వాత రెండేసి వారాల రిఫ్రెషర్లు. ఆ శిక్షణ కేంద్రాల బోర్డులు మొదట అకడమిక్ స్టాఫ్ కాలేజీలు, తర్వాత మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలు (హెచ్‌ఆర్‌డీసీలు), 2023 నుంచి మాలవీయ మిషన్ కేంద్రాలు. బోర్డు ఏదైనా సర్టిఫికెట్ సర్టిఫికెట్టే. భారతీయ జ్ఞాన వ్యవస్థల నుంచి కంప్యూటర్, ఇంటర్నెట్ పాఠాల (ఐసీటీ) దాకా అన్నీ విన్నారు. ఆన్‌లైన్ అయితే కెమెరా ఆపేసి మరింత ఏకాగ్రతతో విన్నారు. ఇప్పుడు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏం మిగిలిందని?

చాప్టర్ చదవడమట. ఇచ్చిన నెలలోపు చదివి, కామెంట్లు రాసి, తిరిగివ్వాలట. ఈ సలహా ఇచ్చినవాళ్లకు చాప్టర్ జీవితచక్రం తెలియదు. స్కాలర్ దాన్ని ప్రింట్ తీసి, స్పైరల్ బైండింగ్ చేయించి, సార్ గది బయట నిలబడి, లోపలున్న విజిటర్ వెళ్లాక ఇస్తాడు. సార్ బరువు చూసి 'పెట్టి వెళ్లు' అంటారు. మొదటి నెల అది టేబుల్ మీద ఉంటుంది. రెండో నెల దాని మీదికి ఇంకో స్కాలర్ చాప్టర్ వస్తుంది. మూడో నెల నుంచి వాట్సాప్‌లో స్కాలర్ పూల బొమ్మలతో గుడ్ మార్నింగ్‌లు పంపుతాడు. నీలం టిక్కులు పడతాయి. అంటే సార్ క్షేమంగా ఉన్నారన్నమాట. పండుగలకు శుభాకాంక్షలు, సార్ పుట్టినరోజుకి కేకు. ఓ శుభదినాన సార్ గది సర్దుతుంటే చాప్టర్ బయటపడుతుంది. మొదటి పేజీలో రెండు కామాలు మారుస్తారు, మూడో పేజీ పక్కన 'ఇంకా లోతు కావాలి' అని రాస్తారు. ఆ లోతు ఎక్కడో, ఎంతో స్కాలరే వెతుక్కోవాలి. దాన్నే కదా పరిశోధన అంటారు! అదంతా నెల రోజుల్లో తేల్చేస్తే ఎదురుచూడటం అనే విద్య ఎప్పుడు వస్తుంది?

అయినా థీసిస్‌ని ఎవరూ చదవడం లేదన్నది అబద్ధం. కాపీని పట్టే ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్ మొదటి అక్షరం నుంచి ఆఖరి చుక్క దాకా చదువుతోంది. పోలిక 10 శాతం లోపుంటే ఏ శిక్షా లేదని కాపీల మీద యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలే చెప్పాయి. ఒకరు చదివారుగా, ఇద్దరెందుకు?

ఇంకో ప్రమాదకరమైన సలహా ఏమిటంటే, మొదటి నెలలోనే గైడూ స్కాలరూ కూర్చుని ఎవరి బాధ్యతలు ఏమిటో కాగితం మీద రాసుకోవాలట. రాసుకుంటే ఇంకేమైనా ఉందా! సార్ అబ్బాయి ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు ఎవరు పెడతారు? కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ టీం వస్తోందంటే ఐదేళ్ల ఫైళ్లు ఎవరు కడతారు? తెల్లవారుజామున సికింద్రాబాద్ స్టేషన్లో దిగే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కి ఎదురెళ్లేదెవరు? సెమినార్లో సార్ చదివే కీలకోపన్యాసం, దానికి సార్ చెప్పుకునే కృతజ్ఞతలు రెండూ ఎవరు టైపు చేస్తారు? ఇవి నోటిమాట మీద, ఇంకా చెప్పాలంటే కంటిసైగ మీద నడిచే వ్యవహారాలు. కాగితం మధ్యలోకి వస్తే ప్రేమాభిమానాలు చెడిపోతాయి.

పర్యవేక్షణ లేదా అంటే అదీ ఉంది. రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రతి సెమిస్టర్ స్కాలర్ హాజరై ప్రగతి చెప్పుకోవాలని నిబంధన. చెప్పుకుంటూనే ఉన్నాడు. కమిటీ రిపోర్టు కూడా అతనే టైపు చేసి తెస్తాడు. 'ప్రగతి సంతృప్తికరం' అన్న వాక్యం కింద పెద్దలు సంతకాలు పెడతారు. సమోసాలు వేడిగా ఉంటే అది అబద్ధం కూడా కాదు.

స్వీడన్‌లో అయితే స్కాలర్ అడిగితే చాలు, గైడ్‌ని మార్చాల్సిందేనని నిబంధనల్లోనే ఉందట. చలిదేశం, మనుషుల మధ్య వెచ్చదనం తక్కువ. మన దగ్గర గైడ్‌ని మార్చుకోవాలంటే ముందు ఆ గైడ్ దగ్గరికే వెళ్లి, 'మీతో పడలేకపోతున్నాను, నిరభ్యంతర పత్రం ఇప్పించండి సార్' అని అడగాలి. అడిగే ధైర్యం రాక అందరూ కలిసే ఉంటున్నారు. ఈ బంధం చూసైనా విమర్శకులు సిగ్గుపడాలి.

ఇక డబ్బు సంగతి. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ కొట్టినవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000, సీనియర్ అయ్యాక 42,000, అద్దెభత్యం వేరే. మొత్తం ఐదేళ్లు. కేంద్ర విశ్వవిద్యాలయంలో జేఆర్ఎఫ్ లేనివాడికి 8,000. పీహెచ్‌డీకేమో ఆరేళ్ల గడువు, రీరిజిస్ట్రేషన్ చేస్తే ఇంకో రెండేళ్లు. అంటే టేబుల్ మీద నిద్రపోయిన చాప్టర్ల ఖరీదు ఆరో ఏడు నుంచి స్కాలర్ వాళ్ల నాన్న కట్టుకుంటాడు, లేదా అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో గ్రూప్స్ పాఠాలు చెప్పి స్కాలరే కట్టుకుంటాడు. గైడ్ జీతానికి మాత్రం ఇంక్రిమెంటు ఏటా పడుతూనే ఉంటుంది. ఎవరి లెక్క వాళ్లది, కలపకూడదు.

స్కాలర్ తెచ్చిన ప్రతి పేజీని పెన్సిల్‌తో దిద్ది, 'ఇది నీ ఆలోచనేనా, ఇంకోసారి వాదించు' అని కూర్చోబెట్టి మాట్లాడే గైడ్లు ఈ నగరంలోనూ కొందరున్నారు. మార్కెట్ పాడుచేస్తున్నది వాళ్లే. శిక్షణ లేకుండా వాళ్లకెలా వచ్చింది అని విమర్శకులను నిలదీశాను. వాళ్ల గైడ్ దగ్గర చూసి నేర్చుకున్నారట. మరి మిగతావాళ్లు? వాళ్లూ తమ గైడ్ దగ్గర చూసే నేర్చుకున్నారట. చూశారా, ఎంత పటిష్ఠమైన శిక్షణ వ్యవస్థో! తరం నుంచి తరానికి, పైసా ఖర్చు లేకుండా.

ఇంత చెప్పినా ప్రభుత్వం వినకుండా శిక్షణ పెట్టే తీరుతానంటే గైడ్ల తరఫున నావి కొన్ని డిమాండ్లు. తరగతులు ఆన్‌లైన్‌లో ఉండాలి, శనివారాలు ఉండకూడదు. హాజరు స్కాలర్ వేయవచ్చు. ప్రమోషన్‌కి పాయింట్లు ఇవ్వాలి. అసైన్‌మెంట్ గడువు దాటితే మాటలనకుండా పొడిగింపు ఇవ్వాలి. శిక్షకులు గైడ్లతో గౌరవంగా మాట్లాడాలి, గది బయట నిలబెట్టకూడదు. గైడ్లు రాసిచ్చిన అసైన్‌మెంట్లను దిద్ది ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో మాత్రం మొదటి రోజే రాతపూర్వకంగా చెప్పాలి. నెలల తరబడి ఎదురుచూసేంత తీరిక పాపం ప్రొఫెసర్లకు ఎక్కడుంటుంది?