మహారాజశ్రీ టార్క్ రెంచ్ గారికి

మహారాజశ్రీ టార్క్ రెంచ్ గారికి విజయవాడ నుంచి ఒక కారు యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మా చక్రాల నట్లు క్షేమం. ఎంత క్షేమమంటే ఈ జన్మకి అవి ఊడిరావు.

నట్టుని ఎంత బలంతో తిప్పాలో మీ పిడి మీద అంకె పెట్టుకుంటే, అంత పడగానే 'టక్' అని చెప్పే పానా మీరు. మీ మీద మా ఊళ్లో ఉన్న ఫిర్యాదు ఒక్కటే, మీకు లెక్క ఎక్కువ. ఆటోనగర్లో ముప్పై ఏళ్లుగా బళ్లు విప్పి బిగిస్తున్న చేతుల ముందు మీ గీతలెంత, మీ అంకెలెంత? మా టైర్ల షాపాయన దగ్గర ఎయిర్ గన్ ఉంది. నట్టుకి ఆనించి నొక్కుతాడు, అది గరగరలాడుతుంది, చాలు అనిపించేదాకా నొక్కుతూనే ఉంటాడు, ఆ 'చాలు' అనేది ఆ పూట ఆయనకి టిఫిన్ పడిందా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంటుంది. ఆ తర్వాత కుర్రాడు పానా పెట్టి దాని మీద ఎక్కి నిలబడతాడు. మా దగ్గర క్వాలిటీ చెకింగ్ అంటే అదే. 70 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల పానా చివర నిలబడితే దగ్గర దగ్గర 206 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి కొలత అది), చిన్న కారు మాన్యువల్ అడిగేదేమో మోడల్‌ని బట్టి వందకి కాస్త అటూ ఇటూ. అడిగినదానికి రెట్టింపు ఇస్తున్నారు, అదీ ఫ్రీగా. ఇంత ధర్మాత్ములున్న చోటికి మీరొచ్చి వంద దగ్గరే "టక్" అని చాలించమంటే ఎవరికి నచ్చుతుంది చెప్పండి.

"ఇన్నేళ్లలో నేను బిగించిన చక్రం ఒక్కటన్నా ఊడిందా సార్?" అంటాడాయన. ఊడలేదు, నిజమే. ఊడదీయాల్సినప్పుడు కూడా ఊడలేదు. నందిగామ దాటాక రాత్రిపూట పంక్చరై, కారుతో ఇచ్చిన ఆ మూరెడు పానా పట్టుకుని, వాన పడుతుంటే ఫోన్ లైటులో ఆ నట్టుతో కుస్తీ పట్టేవాళ్లని అడిగితే ఆయన పనితనం ఎంత గట్టిదో చెప్తారు. స్టడ్డు, అంటే నట్టు ఎక్కే ఆ బోల్టు, తెగిందా, ఇంకా మంచిది, కొత్తది కొనుక్కోవచ్చు. నాలుగు నట్లలో ఒకటి వందా, పక్కది రెండొందలా ఉంటే బ్రేక్ డిస్కు వంకర పోయి, బ్రేకేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. ఆ వణుకుకి వీల్ బ్యాలెన్సింగ్ చేయించుకోమని మళ్లీ ఆ షాపుకే పంపిస్తారు. వ్యాపారం ఇంత చక్కగా సాగుతుంటే మధ్యలో మీరెందుకండీ?

మీ పుట్టుపూర్వోత్తరాలు కూడా విన్నాం లెండి. 1918 ప్రాంతంలో న్యూయార్క్ నీటి సరఫరా శాఖలో పనిచేసే కాన్రాడ్ బార్ అనే ఆయన, పైపుల బోల్టులు మరీ బిగించి పాడు చేస్తున్నారని మిమ్మల్ని తయారు చేశాడంటారు. అంటే మీ పుట్టుకే పనివాడి చేతి మీద అపనమ్మకం.

సరే, ఇంటికి తెచ్చుకుందామంటే మీరు ఒక్కరు వస్తే సరిపోదట. చక్రాలకి హాఫ్ ఇంచ్ డ్రైవ్, అంటే సాకెట్ తగిలించే కొస అర అంగుళం ఉన్న పెద్దాయన కావాలి, 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల దాకా చూసుకుంటాడు. స్పార్క్ ప్లగ్గుకి చాలా ఇంజిన్లలో పాతిక లోపే, అక్కడ ఈ పెద్దాయన పనికిరాడు, తన పై అంకెలో ఐదో వంతు దాటితే గానీ ఆయన మాట నమ్మకూడదు. కాబట్టి ఇంకో చిన్నాయన. "అన్ని పనులకీ ఒక్కటే చాలు" అని ఆన్‌లైన్లో అమ్మేవాళ్లకి ఈ సంగతి చెప్పినవాళ్లు లేనట్టుంది. పైగా మీకు రెండు నాలుకలు, ఒక వరసలో న్యూటన్ మీటర్లు, పక్క వరసలో ఫుట్ పౌండ్లు. 80 అని చూసి రెండో వరసలో పెట్టినవాడికి అది 108 అయి కూర్చుంటుంది.

మీ బంధువు, ఆ ముల్లున్న బీమ్ రకం, చాలా నెమ్మదస్తుడు. మీలా లోపల స్ప్రింగు లేదు, అలకలు లేవు, ధర తక్కువ, ముల్లు సున్నా మీద లేకపోతే కాస్త వంచి తెచ్చుకోవచ్చు. కాకపోతే నోరు విప్పడు. చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ముల్లుకి ఎదురుగా తల పెట్టి చదువుకోవాలి, అందుకే ఆయన్ని ఎవరూ పిలవరు.

మీ మర్యాదల సంగతి చెప్పాలంటే కొత్తల్లుడు నయం. పని అయ్యాక స్ప్రింగు వదులు చేసి స్కేల్లో అట్టడుగు అంకెకి తేవాలి, పోనీ కదా అని ఇంకా కిందికి తిప్పామా, అదీ తప్పే. బిగుసుకుపోయిన నట్లు విప్పించకూడదు. పైపు తొడగకూడదు, పిడి మధ్యలోనే పట్టాలి, కిరోసిన్లో ముంచి కడగకూడదు, చేయి జారి కింద పడేస్తే మళ్లీ పరీక్షకి పంపాలి. ఏమీ కాకపోయినా ఏడాదికోసారో ఐదు వేల టక్కులకోసారో కాలిబ్రేషన్, అంటే మీ అంకె నిజమో కాదో పరీక్ష, చేయించాలని మీ జాతికి పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6789 అంటుంది. మా ఇంట్లో మనుషులకే ఏడాదికోసారి బీపీ చూపించుకునే తీరిక లేదు.

స్టడ్డుకి గ్రీజు రాస్తే కూడా మీకు కోపమే. ఇది మాత్రం న్యాయమైన కోపం, ఒప్పుకుంటాను. మనం పెట్టే బలంలో పదింట తొమ్మిదొంతులు రాపిడికే పోతుంది, బోల్టుని పట్టి ఉంచడానికి మిగిలేది ఆ కాస్తే. గ్రీజు రాసి రాపిడి తగ్గిస్తే మీరు వంద దగ్గరే టక్కంటారు, లోపల స్టడ్డు మాత్రం ఎక్కువ సాగిపోయి ఉంటుంది. మాన్యువల్ చెప్తే తప్ప పొడిగానే బిగించాలని నేనంటే షాపు కుర్రాడు నన్ను పిసినారిని చూసినట్టు చూశాడు.

ఆ కుర్రాడి చేతికే మిమ్మల్ని ఇచ్చాను. పిడి తిప్పి వంద మీద పెట్టి, తాళం వేసి, ఎదురెదురు నట్లు వరసగా బిగించమన్నాను. మొదటి నట్టు దగ్గర టక్ అనగానే వదిలేసి వెనక్కి జరిగాడు. "సార్, విరిగినట్టుంది!" విరగలేదు నాయనా, ఆగమంటోంది అని చెప్పాను. అర్థమైందన్నాడు. రెండో నట్టుకి టక్ అంది, మళ్లీ లాగాడు, టక్, ఇంకోసారి లాగాడు, టక్. "సేఫ్టీకి సార్, ఇంకో రెండు వేశా." ఒక్కో అదనపు టక్కుకీ నట్టు కాస్త కాస్త ముందుకి జరుగుతుందని చెప్తే, అందుకే కదా సార్ వేసింది అన్నాడు. మీరు ఇక్కడ నెగ్గుకు రావడం కష్టమండీ.

అన్నట్టు, పక్క ఫ్లాటాయన వచ్చాడు. స్కూటర్ నట్టు తుప్పు పట్టి కదలడం లేదట, మీ పిడి పొడుగ్గా ఉంది కదా, ఒక్క ఐదు నిమిషాలు ఇమ్మంటున్నాడు. మీరు ఊళ్లో లేరని చెప్పాను. నమ్మినట్టు లేదు, హాల్లో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. మీరు మంచం కింద పెట్టెలోనే ఉండండి, ఆయన వెళ్లేదాకా టక్ అనకండి.